అర్థమైందా అని ఎవరిని అడిగారు?

తెలుగును ఎవరు ఎలా రాయాలన్న విషయం మీద వందేళ్లకు పైగా వాదోపవాదాలు జరిగాయి. గ్రాంథికమా, వ్యావహారికమా అన్నది తొలి అంకం. ఏ ప్రాంతపు, ఏ వర్గపు వ్యావహారికం అన్నది మలి అంకం. రెండు అంకాల్లోనూ చర్చ రాసేవాడి చుట్టూ, మాట్లాడేవాడి చుట్టూ తిరిగింది. వినేవాడి సంగతి, చదువుకునో చదివించుకునో అర్థం చేసుకోవలసినవాడి సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎదిగిన మనిషి తన సొంత భాషలోని వాక్యాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు, ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ తడబడతాడు అన్నది ఇవాళ భాషాశాస్త్రానికీ మనస్తత్వశాస్త్రానికీ మధ్య ఒక పెద్ద శాఖ. ఆ శాఖకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పల్నాడు లాంటి ప్రాంతాల శ్రమజీవులకు దక్కిన చోటు ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచాను.

ఇందుకు ప్రేరణ నేను పాల్గొన్న ఒక ఆన్‌లైన్ అధ్యయనం. నిర్వాహకుల పేరు అప్రస్తుతం. ఈ పద్ధతిలో పనిచేసేవాళ్లు దేశవిదేశాల్లో చాలామంది ఉన్నారు. నా విమర్శ పద్ధతి మీద. ఫోనుకు ఒక లింకు వస్తుంది. ముందు అంగీకార పత్రం. తరువాత వయసు, చదువు, మాతృభాష, పుట్టిన జిల్లా. ఆపైన వాక్యాలు. వాక్యం మొత్తం ఒక్కసారి కనిపించదు. తెర తాకినప్పుడల్లా ఒక మాట వస్తుంది, వెనకటి మాట మాయమవుతుంది. ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగామో సెకనులో వెయ్యోవంతు లెక్కన యంత్రం రాసుకుంటుంది. చివర ఒక ప్రశ్న, దానికి అవునో కాదో చెప్పాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒంటరిగా, మధ్యలో ఆపకుండా పూర్తి చేయాలని ముందే హెచ్చరిస్తారు.

పద్ధతి కొత్తది కాదు. మాట వెంట మాట కదిలే ఈ కిటికీని 1982లో జస్ట్, కార్పెంటర్, వూలీ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు వివరించారు. అప్పట్లో అది విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలలో, కంప్యూటరు ముందు విద్యార్థిని కూర్చోబెట్టి చేసే పని. 2005లో అమెజాన్ సంస్థ ‘మెకానికల్ టర్క్’ పేర చిన్న చిన్న పనులకు మనుషులను కుదుర్చుకునే బజారు తెరిచాక, పరిశోధకులు కూడా ఆ బజారుకు వెళ్లారు. 2020లో కోవిడ్ వచ్చి ప్రయోగశాలలు మూతపడ్డాక ఇంటి నుంచే పరీక్ష రాయించడం మరింత పెరిగింది. ఈలోగా 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయాన్ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. మానవ మనస్తత్వం గురించి ప్రముఖ పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారేననీ, ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతమేననీ అందులో ఎత్తిచూపారు. చదువుకున్న, సంపన్నమైన కొద్ది సమాజాలను చూసి మానవజాతి మొత్తం ఇంతేనని తీర్మానించారన్నమాట. ఆ విమర్శ వచ్చాక తెలుగు, తమిళం, హిందీ వంటి భాషల మీద అధ్యయనాలకు ఆదరణ పెరిగింది. మంచిదే. అయితే భాష మారినా మనిషి మారాడా? తెలుగు వాక్యాన్ని అమెరికా విద్యార్థికి బదులు హైదరాబాదు విద్యార్థి చదివాడు. లేదా నాలాంటి ఉపాధ్యాయుడు చదివాడు. తెలుగులో ఎం.ఏ. చేసి, బడిలో వ్యాకరణం చెప్పుకుని బతికేవాడు ‘సగటు తెలుగు వయోజనుడు’గా లెక్కలోకి ఎక్కాడు!

2011 జనాభా లెక్కల ప్రకారం, అప్పటికి పల్నాడు ప్రాంతమంతా కలిసి ఉన్న గుంటూరు జిల్లాలో అక్షరాస్యత 67.40 శాతం. స్త్రీలలో 60.09 శాతం. ఏడేళ్లు దాటినవాళ్లలో మూడోవంతుకు దాదాపు అక్షరం రాదు. వచ్చినవాళ్లలో ఫోను తెర మీద మాట వెంట మాట తాకుతూ పోగలిగినవాళ్లు ఎందరు? 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు మారినంత మాత్రాన మాచర్ల, గురజాల, దుర్గి, బొల్లాపల్లి పొలాల్లో పనిచేసే స్త్రీలు ఈ అధ్యయనాల్లోకి రాలేదు. వాళ్లు ‘వయోజనులు’ కాదా? వాళ్లకు భాష అర్థం కాదా?

అలాంటి వాక్యం ఒకటి నేనే కల్పించి, పత్తి తీతకు వెళ్లి వచ్చిన ఒక పెద్దామెకు చదివి వినిపించాను. “మేస్త్రిని పిలిచిన రైతు కొడుకు బండెక్కాడు.” పిలిచింది రైతా, కొడుకా? వాక్యంలో రెండర్థాలకూ చోటుంది. పరిశోధకుడు కోరేది ఈ సందిగ్ధాన్నే. చదువరి ఏ అర్థం వైపు మొగ్గుతాడో చూసి, ఆ మొగ్గుకు కారణం వాక్య నిర్మాణంలో వెతుకుతాడు. ఆమె క్షణం కూడా తడుముకోలేదు. “కొడుకే పిలుస్తాడు సారూ. ముసలాయన మేస్త్రిని పిలవడం మానేసి శానా ఏళ్లాయె, లెక్కలన్నీ కొడుకువే గదా” అంది. ఏ ముసలాయన? నేను ఏ రైతునూ మనసులో పెట్టుకోలేదు. ఆమె పెట్టుకుంది. ఎవరూ లేని వాక్యంలోకి ఆమె తన ఊరిని తెచ్చి నిలబెట్టింది. పరీక్ష కాగితంలో ఈ సమాధానానికి గడి లేదు. ‘కొడుకు’ అన్న గడిలో ఒక టిక్కు పడుతుంది, అంతే. ఆ టిక్కు వెనక వ్యాకరణం ఉందా, కూలి లెక్కల అనుభవం ఉందా అని యంత్రం చెప్పలేదు.

ఇది చదివినప్పుడు అభ్యుదయ సాహిత్య పాఠకులకు లూరియా గుర్తుకు రావాలి. 1931, 1932 సంవత్సరాల్లో సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్, కిర్గిజియా ప్రాంతాలకు యాత్రలు జరిపాడు. వెనక ఉన్న ఆలోచన వైగోట్‌స్కీది: మనిషి ఆలోచనా విధానం చరిత్రతో, ఉత్పత్తి సంబంధాలతో మారుతుంది. అక్కడ భూస్వామ్యం కూలి, సమష్టి వ్యవసాయం, రాత్రిబడులు మొదలవుతున్న సమయం. అక్షరం రాని రైతులనూ, కొత్తగా నేర్చినవాళ్లనూ లూరియా బృందం ప్రశ్నలు అడిగింది. మంచు దేశమైన ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా దీవి ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగుబంట్ల రంగేమిటి అని అడిగితే, చదువురాని రైతు తాను అక్కడికి వెళ్లలేదనీ, చూడనిది చెప్పననీ, చూసినవాణ్ణి అడగమనీ అన్నాడు. సుత్తి, రంపం, గొడ్డలి, మొద్దు చూపించి కలవనిదాన్ని తీసేయమంటే, మొద్దు లేకుండా మిగతా మూడూ ఎందుకని అడిగాడు. బడిలో కొంత చదివిన కుర్రవాడు మాత్రం మొద్దును తీసేశాడు. మిగతావి పనిముట్లు కదా!

లూరియా ముగింపులు నాకు పూర్తిగా సమ్మతం కావు. రైతు సమాధానాన్ని ఆయన ఆలోచనలో ఒక కింది మెట్టుగా చూశాడు. చూడనిది చెప్పననడం కింది మెట్టు ఎందుకవుతుంది? సాక్షి బోనులో నిలబడ్డవాడు అలాగే చెప్పాలని న్యాయస్థానం కూడా కోరుతుంది. రైతులను కించపరిచాడని ఆ రోజుల్లో సోవియట్ దేశంలోనే లూరియా మీద విమర్శలు వచ్చాయి. ఆ పరిశోధన పుస్తకంగా 1974 దాకా వెలువడలేదు. అయినా ఆయన పద్ధతిలో మనం గుర్తించవలసింది ఒకటుంది. ఆ ప్రశ్నలు గదిలో ఒంటరిగా అడిగినవి కావు. టీ దుకాణాల్లో, రాత్రిపూట మంటల చుట్టూ, పదిమంది కూర్చున్నచోట, మాటల మధ్యలో దొర్లించిన ప్రశ్నలు. జవాబు ఒక్కటే కాదు, జవాబు చెప్పే ముందు రైతు వేసిన ఎదురు ప్రశ్నలు కూడా రాసుకున్నారు. అందుకే దాదాపు నూరేళ్ల తరువాత మనం లూరియాతో రైతుల పక్షాన వాదించగలుగుతున్నాం. నా టిక్కుల ఆధారంగా రేపు ఎవరూ నా పక్షాన వాదించలేరు.

ఇక మన నేల మీదికి వద్దాం. తెలుగునాట ఈ ప్రశ్నను మొదట బిగ్గరగా అడిగింది ఒక ఇంగ్లీషు దొర అనడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె.ఎ. యేట్స్, బడిలో పుస్తకం ఒక భాషలో, బయట మనుషుల మాట మరొక భాషలో ఉండడమేమిటని 1907 ప్రాంతంలో అడిగాడు. ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకూ, గిడుగు రామమూర్తికీ చేరింది. తరువాతి కథ అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది గిడుగు పరీక్షా పద్ధతి. ఆయన పరీక్ష పెట్టింది పామరులకు కాదు, పండితులకు. గ్రాంథికమే రాయాలన్నవాళ్ల రచనలు తీసి, వాళ్ల నియమాల ప్రకారమే తప్పులు లెక్కగట్టి చూపించాడు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ ఆ లెక్కల పుస్తకం. అర్థం కాకపోవడం చదువరి లోపమన్న వాదాన్ని ఆయన రాసేవాడి లోపంగా తిప్పి నిలబెట్టాడు. అంతకు ముందే పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే సవర మనిషి దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడని అర్థం. ఆ కృషి 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వెలువడింది.

అదే కాలపు ప్రభుత్వ సర్వే చూస్తే తేడా తెలుస్తుంది. గ్రియర్సన్ భారత భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. మద్రాసు రాష్ట్రం, నైజాము, మైసూరు ఆ సర్వే పరిధిలో లేవు! అంటే తెలుగుదేశం లేకుండానే తెలుగు సర్వే అయింది. అందులో తెలుగు మాండలికాలుగా ఎక్కినవి కామాఠీ, వడరి, సాలేవారి, దాసరి, గోలరి వగైరా. పొట్ట చేతబట్టుకుని బొంబాయి రాష్ట్రానికీ మధ్య పరగణాలకూ పోయిన వడ్డెరల, సాలెల, గొల్లల మాటలు అవి. ప్రతి భాషలోనూ అనువదింపజేసిన నమూనా పాఠం తప్పిపోయిన కుమారుడి బైబిలు కథ. వలసపోయిన కూలీల చేత ఇల్లు విడిచిన కొడుకు కథ చెప్పించారు. ఇంతకంటె చేదైన యాదృచ్ఛికం భాషా చరిత్రలో మరొకటి ఉంటుందా అనిపిస్తుంది. పల్నాటివాణ్ణి ఆ సర్వే ఏమీ అడగలేదు.

సర్కారు పల్నాటివాణ్ణి అడిగింది పుల్లరి. అడవిలో పశువు మేసినందుకు, పుల్ల విరిచినందుకు పన్ను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పాఠాన్ని పల్నాటి పల్లెల్లో చదివినవాళ్లు దాదాపు లేరనే చెప్పాలి. కాని దాని అర్థం తెలియని ఇల్లు లేదు. 1921లో పుల్లరి కట్టబోమని రైతులు తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. ఈ ఉద్యమానికి అండగా నిలిచి జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ జైలులోనే ‘మాలపల్లి’ని కూలిజనం మాటలతో రాశాడు. అవగాహన అంటే వాక్యానికి అవును, కాదు చెప్పడమే అయితే మించాలపాడు రైతు పరీక్ష తప్పినట్టే. చట్టం తన ఆవు మెడకు ఎలా చుట్టుకుంటుందో తెలియడం అవగాహన అయితే, కలెక్టరు కచేరీలో ఎవరికంటెను అతనికే మార్కులెక్కువ.

అక్షరం రానివాడి అవగాహనను చట్టం ఎప్పుడూ గుర్తించలేదని కూడా అనలేం. పాత దస్తావేజులు తిరగేయండి. చివర, నిశానీ పక్కన, పత్రం చదివి వినిపించగా విని ఒప్పుకున్నట్టు రాసి ఉంటుంది. ఆ వాక్యం చాటున జరిగిన మోసాలు మన కథాసాహిత్యానికి సగం ముడిసరుకు. చదివిందొకటి, రాసిందొకటి. అయినా ఒక సూత్రం అందులో ఉంది: అర్థం కావడం చెవితోనూ జరుగుతుంది, పక్కన సాక్షులుండాలి. ఫోనులోని అంగీకార పత్రానికి సాక్షులు లేరు, వినిపించేవాళ్లూ లేరు. నేను నొక్కిన ఆ పత్రం భాష చూడండి: సమాచారం సేకరించబడును, గోప్యముగా ఉంచబడును, ఉపసంహరించుకొనుటకు హక్కు కలిగియున్నారు. ఇంగ్లీషు వాక్యానికి తెలుగు బట్ట కట్టారు. భాషావగాహన మీద జరిగే అధ్యయనంలో అన్నిటికంటె కష్టమైన పాఠం అంగీకార పత్రమే. దాన్ని చదవడానికి ఎంతసేపు పట్టిందో, అర్థమైందో లేదో మాత్రం ఎవరూ కొలవరు!

స్వతంత్ర భారతంలో ఒక్కసారి మాత్రం భాషాశాస్త్రం సరైన దిక్కుగా నడిచింది. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం పని మొదలైంది. వ్యవసాయ పదాల తొలి సంపుటం 1962లో వచ్చింది. చేనేత పదాలది 1971లో. పరిశోధకులు జిల్లా జిల్లాకూ, ఊరూరికీ వెళ్లి, నాగలి భాగాలనూ కల్లం పనులనూ ముందు పెట్టుకుని, దీన్ని మీరేమంటారని రైతునే అడిగారు. గురుపీఠం తారుమారైంది. తెలియనివాడు ఎం.ఏ., తెలిసినవాడు పాలికాపు. ఆ పదాల ఆధారంగానే తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించారు. గుంటూరు జిల్లా కృష్ణా గోదావరి జిల్లాలతో కలిసి మధ్య మండలంలో చేరింది. ప్రమాణభాషకు పునాది అయిందీ ఆ మండలమే.

ఇక్కడే పల్నాటికి ఒక చిక్కు వచ్చింది. జిల్లా పేరున మనది ప్రమాణభాషా ప్రాంతం. కాని డెల్టా చదువరుల నోటి భాష ప్రమాణమైంది గాని, కృష్ణ అవతల నల్లగొండతో, దక్షిణాన మార్కాపురంతో ఇచ్చిపుచ్చుకునే మెట్టసీమ కూలివాడి భాష కాదు. తెలంగాణవారు, రాయలసీమవారు మా యాసకు చోటేదని అడిగారు, అడగడం న్యాయం. పల్నాటివాడు అడగడానికి కూడా లేదు, ఉన్నాడనే లెక్క. నేను నింపిన పత్రంలో పుట్టిన జిల్లా గుంటూరు అని పెట్టగానే నన్ను ఏ పెట్టెలో వేస్తారో నాకు తెలుసు. రసికుడు వెళ్లదగని చోటుగా పల్నాటిని ఎత్తిపొడిచిన చాటువులు శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్నాయి. ఆనాటి ఆస్థాన దృష్టి జొన్నకూటిని చూసి ముఖం తిప్పుకుంది. ఈనాటి గణాంక దృష్టి ఆ జొన్నకూటిని వరన్నంలో కలిపేసింది.

ఒక్క మాట చాలు ఉదాహరణకు. ‘అచ్చు’. నాకు అచ్చు అంటే ముందు అకారాది స్వరం, తరువాత పుస్తకం అచ్చు. పత్తిగింజ పెట్టే ముందు చేనికి నిలువు అడ్డం గీతలు పడేలా అచ్చు తోలుతారు. పల్నాటి రైతుకు, కూలికి మొదట తోచేది అదే. ‘అచ్చు తప్పింది’ అన్న వాక్యం చూసి నేను ప్రెస్సువాణ్ణి తిట్టుకుంటాను, ఆమె అరక తోలినవాణ్ణి తిట్టుకుంటుంది. వెయ్యోవంతు సెకన్ల గడియారం ఇద్దరిలో ఎవరు త్వరగా అర్థం చేసుకున్నారని చెబుతుంది?

పదకోశానికీ పరిమితి ఉంది. అది పేర్లు అడిగింది, వాక్యాలు అడగలేదు. దీన్ని ఏమంటారని అడిగింది గాని, మేం రాసింది మీకు తెలిసిందా అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగిన సంస్థ విశ్వవిద్యాలయం కాదు, బుర్రకథ. ఇది అతిశయోక్తి కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడే ప్రజానాట్యమండలీ వచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ రోజుల్లో బుర్రకథను జనంలోకి తెచ్చాడు. ‘పల్నాటి యుద్ధం’ కూడా కట్టాడు. బుర్రకథ నిర్మాణం చూడండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. హాస్య వంత కథను మధ్యలో ఆపి అదేమిటని అడుగుతాడు, తెలియనట్టు నటిస్తాడు. రాజకీయ వంత ఆనాటి సంగతికి ఈనాటి సంగతిని జోడిస్తాడు. వినేవాడికి ఎక్కడ అర్థం కాదో కళాకారుడు ముందే ఊహించి, ఆ సందేహాన్ని వేదిక మీదే ఒక పాత్రను చేశాడు. జనం నవ్వితే అందినట్టు. నవ్వకపోతే వంత మళ్లీ అడుగుతాడు. చదువురాని వయోజనుల భాషావగాహన మీద ఇంతకంటె నిశితమైన పనిముట్టు మన విద్యాశాఖ ఏదీ తయారుచేయలేదు.

దీనికి మూలం పల్నాటిలోనే ఇంకా పాత రూపంలో ఉంది. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వీరుల ఉత్సవం జరుగుతుంది. కథ పాడేవాళ్లు వీరవిద్యావంతులు. దళితులు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ‘పల్నాటి వీరచరిత్ర’ను అచ్చువేసి పండితలోకం ముందు పెట్టాడు. కాని అచ్చులోకి వచ్చింది శ్రీనాథుడిదని చెప్పే ద్విపద. నోటి కథను శ్రద్ధగా విని గ్రంథస్థం చేసినవాడు అమెరికన్ పండితుడు జీన్ రోగేర్. 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఆయన పుస్తకం పేరులోనే, ఈ కథ అలిసెట్టి గాలెయ్య పాడినదని ఉంది. ఇది గమనార్హం. పరిశోధకుడు విన్న మనిషికి పేరుంది, ఊరుంది, గొంతుంది. నా అధ్యయనంలో నేనొక సంఖ్యను. గోప్యత కోసమే అంటారు. నా గుట్టు దాస్తామంటే అభ్యంతరం లేదు. నా ఊరిని కూడా దాచేస్తేనే అభ్యంతరం.

ఇక అక్షరాస్యత ఉద్యమాల దగ్గరికి వస్తే, ప్రభుత్వాలు వయోజనుల అవగాహనను అక్షరాల లెక్కగానే చూశాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయ్యాయి. సంతకం వస్తే ఉత్తీర్ణత. నెల్లూరు జిల్లాలో మాత్రం లెక్క తప్పింది. అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు సారా వల్ల చెడిన సంసారాన్ని గురించిన సీతమ్మ కథను పాఠంగా చదివారు. దూబగుంటలో ఆ పాఠం పలక మీద ఆగలేదు, సారా దుకాణం దాకా నడిచింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం వాళ్లకు అర్థమైందా అన్న ప్రశ్నకు జవాబు కలెక్టర్ల సారా వేలంపాటల్లో కనిపించింది. ఆ స్త్రీలు పాఠాన్ని ఒంటరిగా చదవలేదు. ఒకరు చదివితే నలుగురు విన్నారు, నలుగురూ తమ తమ ఇళ్ల కథలు కలిపారు. నా ఫోను హెచ్చరించిన పరిస్థితికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

పల్నాటికి ఇది పండిత చర్చ కాదు, ప్రాణాల మీది సంగతి. నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చాక, పత్తి విస్తరించాక, ఈ నేలకు పురుగుమందు డబ్బా వచ్చింది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ డబ్బాలోని మందే తాగి చనిపోయారు. ఆ డబ్బా మీద ఏముంటుంది? 1971 నాటి నిబంధనల ప్రకారం విషతీవ్రతను చెప్పే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అత్యంత తీవ్రం, పసుపు దాని తరువాత, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. చదువురానివాడి కోసమే రంగులు పెట్టారు. సదుద్దేశమే. అయితే ఆకుపచ్చ రంగు చూసి పైరుకూ మనిషికీ మంచిదనుకున్న రైతులను నేనెరుగుదును. రంగుకు కూడా వ్యాకరణం ఉంది. దాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. డబ్బాతో వచ్చే కాగితంలో తెలుగు ఉంటుంది, భూతద్దానికి అందని అక్షరాల్లో.

2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ప్రారంభించింది. దాని ‘భాషాదాన్’లో పౌరులు తమ గొంతును, అనువాదాన్ని దానం చేయవచ్చు. యంత్రాలు తెలుగు నేర్చుకునేది ఇలా పోగైన తెలుగు నుంచే. రేపు బ్యాంకులో, ఆసుపత్రిలో, రైతు సేవా కేంద్రంలో మనిషి బదులు యంత్రం మాట్లాడితే, అది ఎవరికి అర్థమయ్యే తెలుగు మాట్లాడుతుందన్నది ఇవాళ ఎవరిని అడుగుతున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దానం చేయడానికి తీరిక, ఫోను, చదువు ఉన్నవాళ్ల భాషే దానమవుతుంది. కాబట్టి ఆన్‌లైన్ అధ్యయనాలు వద్దని నేననను. నేను పాల్గొన్నాను, పిలిస్తే మళ్లీ పాల్గొంటాను. వాటితోపాటు 1960ల నాటి పదకోశం పనివాళ్లలా కల్లం దగ్గరికి పోయే అధ్యయనం కావాలంటాను. వాక్యాన్ని చదివి వినిపించాలి. పదిమంది మధ్య వినిపించాలి. ఎదురు ప్రశ్నలను తప్పుగా కాక సమాచారంగా రాసుకోవాలి.

ఇందుకు విశ్వవిద్యాలయం కోసం ఆగనక్కరలేదు. మా బడి తొమ్మిదో తరగతి పిల్లలకు పురుగుమందుల కాగితాల్లోని వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఇంటికి తీసుకెళ్లి పెద్దవాళ్లకు చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ఆపి అడిగితే ఆ మాట కింద గీత గీసుకు రమ్మన్నాను. విషం, విరుగుడు, పిచికారీ మాటల కింద గీతలు పడలేదు. ఎక్కువ కాగితాల్లో గీత పడింది ‘సిఫార్సు చేయబడిన మోతాదు’ కింద. మోతాదు తెలుసట, సిఫార్సు కూడా తెలుసట. సిఫార్సు చేసిందెవరని అడిగారట.